ముద్రణ పుట్టినిల్లు ఏది? క్విజ్‌లో మూడు జట్లు చెప్పిన మూడు జవాబులు

ప్రశ్న: సాంఘికం మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. మా ఉన్నత పాఠశాలలో గొప్ప ఆవిష్కరణలు, వాటి పుట్టిళ్ళు అనే అంశంపై తొమ్మిది, పది తరగతుల పిల్లలకు క్విజ్ పెట్టాము. కాగితం, దిక్సూచి, స్థానవిలువతో కూడిన సున్నా, ఆవిరి యంత్రం వంటి వాటి దగ్గర ఎవరికీ పేచీ రాలేదు. ‘ముద్రణను ఏ దేశంలో కనిపెట్టారు?’ అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఒక జట్టు జర్మనీ అన్నది, రెండవ జట్టు చైనా అన్నది, మూడవ జట్టు కొరియా అన్నది. జవాబుల పత్రంలో ‘జర్మనీ, గుటెన్‌బర్గ్’ అని ఉన్నందున మొదటి జట్టుకే మార్కు పడింది. మిగిలిన వారు ఊరుకోలేదు. కొరియా అన్న అమ్మాయి 1377 అనే సంవత్సరంతో సహా చెప్పి, గుటెన్‌బర్గ్ అప్పటికి పుట్టనే లేదని గుర్తు చేసింది. ఆ మాటకు మా వద్ద సమాధానం లేక ఫలితాన్ని ఆపి ఉంచాము.

నాకు తెలియవలసినవి రెండు. చైనా, కొరియా వారికి అంత ముందే తెలిసి ఉంటే, పాఠ్యపుస్తకాలలో గుటెన్‌బర్గ్ పేరు నిలవడానికి యూరప్ వారి గొప్పలు చెప్పుకునే అలవాటు తప్ప వేరే కారణమేమైనా ఉన్నదా? తూర్పున తెలిసిన ఈ విద్య పడమటికి ప్రయాణం చేసిందా, లేక అక్కడ విడిగా పుట్టిందా? ‘ఇది మానవాళి మొత్తానిది’ వంటి జవాబు దయచేసి వద్దు. పదో తరగతి పిల్లల ముందు నిలబడి సమర్థించుకోగల కారణం కావాలి.

జవాబు: తూర్పుగాలి

మాస్టారూ, ముందుగా ఆ అమ్మాయికి నా అభినందనలు అందజేయండి. అచ్చు వేయడం అన్నంతవరకే అడిగితే జవాబు చైనా. విడి అక్షరాలతో అచ్చు వేయడం అని అడిగినా చైనాయే. లోహపు విడి అక్షరాలు అంటే కొరియా. జర్మనీ ఎక్కడ వస్తుందో జర్మనీ పక్షం వారు చెప్పాలి, నేను తూర్పు సంగతి చెబుతాను.

పుట మొత్తాన్ని చెక్క పలకపై తిరగేసి చెక్కి, సిరా పూసి, పలుచని కాగితం పరచి, వెనుకవైపు పొడి కుంచెతో రుద్ది అచ్చు తీసే పద్ధతి 8వ శతాబ్దం నాటికే తూర్పు ఆసియాలో స్థిరపడింది. జపాన్ మహారాణి షోతోకు 764–770 మధ్య పది లక్షల చిన్న కొయ్య స్తూపాలు చేయించి, వాటిలో అచ్చువేసిన ధారణీ మంత్రాలను పెట్టించింది. తేదీ వేసి ఉన్న పూర్తి పుస్తకాలలో ఇప్పటికి దొరికిన అన్నిటికంటె పాతది చైనాలోని దున్‌హువాంగ్ గుహలలో బయటపడిన వజ్రచ్ఛేదికా సూత్రం. అది సుమారు అయిదు మీటర్ల పొడవు గల కాగితపు చుట్ట, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. వాంగ్ జియె అనే ఆయన తన తల్లిదండ్రుల పేరిట అందరికీ ఉచితంగా పంచడానికి దీనిని వేయించినట్టు చివర అచ్చయి ఉన్నది. ఆ తేదీ మన లెక్కన 868 మే 11 అవుతుంది. మొదటి భాగంలో ఉన్న బుద్ధుని బొమ్మలోని సన్నని గీతలను చూసిన వారెవరూ అది కొత్తగా నేర్చుకుంటున్న చేతి పని అనుకోరు. గ్రంథం మన దేశానిదే, సంస్కృతం నుంచి చైనా భాషలోకి తెచ్చినవాడు కుమారజీవుడు. అచ్చు మాత్రం పూర్తిగా వారిది.

ఇక విడి అక్షరాలు. 1041–1048 మధ్య కాలంలో బి షెంగ్ అనే సామాన్యుడు వీటిని తయారు చేశాడు. అతని గురించి మనకు తెలిసినదంతా షెన్ కువో అనే పండిత అధికారి సుమారు 1088లో రాసిన గ్రంథంలోని ఒక చిన్న భాగం. అయితే ఆ భాగంలో పనితనం కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. మెత్తని బంకమట్టిపై నాణెపు అంచంత లోతున ఒక్కొక్క అక్షరాన్ని చెక్కి, నిప్పులో కాల్చి గట్టిపరిచేవాడట. ఇనుప పలకపై పైన్ చెట్టు బంక, మైనం, కాగితపు బూడిద కలిపి పరచి, పైన ఇనుప చట్రం పెట్టి, అందులో అక్షరాలను దగ్గరగా పేర్చి, పలకను నిప్పుపై వేడి చేసేవాడు. మైనం కొద్దిగా కరగగానే చదునైన పలకతో పైనుంచి నొక్కితే అక్షరాలన్నీ సమంగా కూర్చునేవి. రెండు పలకలు పెట్టుకుని, ఒకదానితో అచ్చు తీస్తూ ఉండగానే రెండవదానిలో అక్షరాలు కూర్చేవాడు. తరచుగా వచ్చే అక్షరాలకు ఇరవైకి పైగా ప్రతులు ఉంచుకుని, అరుదైన అక్షరం తగిలితే అప్పటికప్పుడు చెక్కి గడ్డిమంటలో కాల్చుకునేవాడు. రెండు మూడు ప్రతులకైతే ఈ పద్ధతి వల్ల సులువేమీ లేదు గాని, వందలు వేలు వేయాలంటే దీని వేగం అద్భుతమని షెన్ కువో తీర్పు చెప్పాడు.

1300 ప్రాంతంలో వాంగ్ జెన్ అనే అధికారి కొయ్య అక్షరాలను గుండ్రంగా తిరిగే బల్లలపై అమర్చి, మనిషి కూర్చున్నచోటే బల్లను తిప్పుకుంటూ అక్షరాలు ఏరుకునే ఏర్పాటు చేశాడు. కొరియాలో చియోంగ్జు దగ్గరి హుంగ్‌దొక్ ఆలయంలో 1377లో పోత అక్షరాలతో అచ్చయిన ధ్యానబోధల పుస్తకమే మీ విద్యార్థిని చెప్పిన ‘జిక్జి’. రెండు సంపుటాలలో రెండవది ఒక్కటే మిగిలింది, అది పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నది. 1972లో అక్కడ పనిచేస్తున్న కొరియా చరిత్రకారిణి పార్క్ బ్యోంగ్‌సన్ దీనిని ప్రపంచం దృష్టికి తెచ్చారు, 2001లో యునెస్కో తన ప్రపంచ స్మృతుల పట్టికలో చేర్చింది.

ఇంత ముందే తెలిసినా విడి అక్షరాలు చైనాలో చెక్క పలకలను ఎందుకు తరిమివేయలేదంటే, అవసరం రాలేదు కాబట్టి. చెక్క పలకను ఒకసారి చెక్కించి దాచుకుంటే కావలసినప్పుడల్లా కావలసినన్ని ప్రతులు తీసుకోవచ్చు. 971లో మొదలైన బౌద్ధ త్రిపిటక ముద్రణకు లక్షా ముప్పై వేల పలకలు చెక్కారు. వేల అక్షరాలున్న లిపికి విడి అక్షరాలు ఖర్చుతో కూడిన పని, ఇరవై ఆరు అక్షరాల లిపికి అది లాభం. గుటెన్‌బర్గ్ అదృష్టం ఆయన లిపిలో ఉన్నదని నా అభిప్రాయం.

జవాబు: పోతపని

తూర్పుగాలి గారు చెప్పిన సంవత్సరాలతో నాకు పేచీ లేదు. చివరి వాక్యంతో ఉన్నది. నేను ఫౌండ్రీలో పనిచేసిన ఇంజనీరును, కనుక పుస్తకం కంటె ముందు అక్షరాన్నే పరీక్షిస్తాను.

విడి అక్షరాలతో అచ్చు వేయాలంటే పక్కపక్కన పేర్చిన రెండు మూడు వేల ముక్కలు ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి వెంట్రుకవాసి పొట్టిదైతే దానికి కాగితం అందదు, పొడవైతే కాగితానికి చిల్లు పడుతుంది. బి షెంగ్ ఈ చిక్కును కరిగిన మైనంతో దాటాడు. కొరియాలో 1403లో రాజాస్థానం పోయించిన కంచు అక్షరాలను కూడా మొదట్లో మైనంలోనే నిలబెట్టారు. అంటే ఎత్తులు సరిచూసుకోవడం ప్రతి పుటకూ కొత్తగా చేయవలసి వచ్చిన పని. కొరియా పోత పద్ధతిలో కొయ్యపై చెక్కిన అక్షరాన్ని తడి ఇసుకలో అద్ది, ఆ గుంటలో కరిగిన కంచు పోసేవారు. అక్షరం తీయగానే ఇసుక మూస చెదిరిపోయేది, తరువాతి అక్షరానికి మళ్ళీ అద్దవలసి వచ్చేది. తీసిన ప్రతి అక్షరాన్నీ ఆకురాయితో సరిచేయాలి.

యూరప్‌లో స్థిరపడిన పద్ధతి వేరు. ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి, ఉబ్బెత్తుగా చెక్కుతారు; దీనిని పంచ్ అంటారు. ఆ పంచ్‌ను రాగి ముక్కపై పెట్టి సుత్తితో కొడితే రాగిలో అక్షరం గుంటగా దిగుతుంది, అది మాతృక. రెండు భాగాలుగా విడిపోయే ఒక చేతిమూస అడుగున ఆ మాతృకను బిగించి, గరిటెతో కరిగిన లోహం పోసి, చేతిని ఒక్కసారి విదిలిస్తే లోహం మూలలన్నిటికీ పాకి క్షణాలలో గట్టిపడుతుంది. మూస రెండు భాగాలూ పక్కలకు జరుగుతాయి కాబట్టి సన్నని అక్షరానికీ వెడల్పాటి అక్షరానికీ ఒకే మూస సరిపోతుంది, ఎత్తు మాత్రం మారదు. వందోసారి పోసినా మొదటిసారి వచ్చిన ఎత్తే వస్తుంది. ఎత్తును సమం చేసే పని పుట నుంచి తొలగిపోయి మూసలోకి చేరింది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే.

లోహం ఎంపిక కూడా సామాన్యమైనది కాదు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది గాని మరీ మెత్తన. తగరం కలిపితే బాగా పారుతుంది, ఆంటిమొనీ కలిపితే గట్టిపడుతుంది. పైగా ఈ మిశ్రమం చల్లారేటప్పుడు చాలా తక్కువగా కుంచించుకుంటుంది కనుక అక్షరపు అంచులు మొక్కపోవు. ఇక సిరా. మసి, జిగురు, నీళ్ళు కలిపిన తూర్పు సిరా చెక్కపై చక్కగా పరుచుకుంటుంది, లోహంపై బొట్లు కడుతుంది. గుటెన్‌బర్గ్ పనిచేసిన జర్మనీ నగరం మైన్జ్‌లో అవిసెనూనె కాచిన వార్నిష్‌తో సిరా చేశారు. కుంచెతో రుద్దడానికి బదులు, ద్రాక్షరసం పిండే మరలో ఉండే మరచుట్టు కొయ్యను తెచ్చి గట్టిగా అదిమే యంత్రం చేశారు. అందువల్ల దళసరి కాగితానికి రెండు వైపులా అచ్చు వేయడం కుదిరింది. తూర్పు పద్ధతిలో రెండవ వైపు ఖాళీగా వదిలివేసేవారు.

గుటెన్‌బర్గ్ గురించి చెప్పుకునే కథలలో చాలా భాగం తరువాత అల్లినవే. ఆయన పేరు అచ్చయి ఉన్న పుస్తకం ఒక్కటీ లేదు. ఆయన పనికి ముఖ్య సాక్ష్యాలు కోర్టు కాగితాలు. 1439లో స్ట్రాస్‌బర్గ్‌లో భాగస్వాములతో వచ్చిన దావా ఒకటి. మైన్జ్‌లో యోహాన్ ఫుస్ట్ అనే ధనవంతుడు 800 గిల్డర్లు, మళ్ళీ ఇంకో 800 గిల్డర్లు అప్పు ఇచ్చి, తిరిగి రాకపోవడంతో వేసిన దావా రెండవది. దాని తాలూకు పత్రం 1455 నవంబరు 6 నాటిది. పుటకు 42 పంక్తుల బైబిలు సుమారు 180 ప్రతులు తయారైన సమయానికే యజమాని అప్పుల పాలై పోరాడుతున్నాడు. 1457లో తొలిసారిగా తేదీతోను, ముద్రాపకుల పేర్లతోను అచ్చయిన కీర్తనల గ్రంథంలో కనిపించేవి ఫుస్ట్, అతని భాగస్వామి షెఫర్ పేర్లే.

మాస్టారు కారణం అడిగారు కనుక, నా వాదనకు అడ్డు వచ్చే సంగతి కూడా నేనే చెబుతాను. 2001లో ప్రిన్స్‌టన్‌లో పాల్ నీధమ్, బ్లేజ్ అగ్వేరా ఇ ఆర్కస్ అనే ఇద్దరు పరిశోధకులు గుటెన్‌బర్గ్ తొలి అచ్చుప్రతులను బాగా పెద్దవి చేసి కంప్యూటరుతో పోల్చి చూశారు. ఒకే రాగి మాతృక నుంచి వచ్చినవైతే ఒక అక్షరపు రూపాలన్నీ ఒకేలా ఉండాలి. వారు చూసిన వాటిలో అవి కలవలేదు, తేడాలు సిరా మరకల వల్ల వచ్చినవిగానూ లేవు. అందువల్ల ఆయన మొదట్లో ఇసుక వంటి, ఒక్కసారికే పనికివచ్చే మూసలు వాడి ఉండవచ్చునని, శాశ్వతమైన మాతృక, చేతిమూస తరువాత వచ్చి ఉండవచ్చునని వారు ప్రతిపాదించారు. అందరూ ఒప్పుకున్న మాట కాదిది. అయితే ఇది నిజమయ్యే పక్షంలో, అక్షరం పోసిన పద్ధతి వరకు గుటెన్‌బర్గ్‌కూ కొరియా పోతగాళ్ళకూ పెద్ద తేడా ఉండదు. నూనె సిరా, అదిమే యంత్రం మాత్రమే ఆయన వంతుకు మిగులుతాయి.

జవాబు: పాత కంపోజిటరు

నేను తెలుగు అచ్చుకూటంలో సీసపు అక్షరాలు కూర్చి, డి.టి.పి. వచ్చాక ఆ పని మానుకున్నవాణ్ణి. ఇరవై ఆరు అక్షరాల వాదన పుస్తకాలలో తరచుగా కనిపిస్తుంది గాని, కేసు (అక్షరాలను గదులలో వేసి ఉంచే పెట్టె) ముందు నిలబడి పనిచేసిన వారెవరూ దానిని తేలికగా ఒప్పుకోరు.

గుటెన్‌బర్గ్ బైబిలు లాటిన్ భాషలో ఉన్నది, అయినా దానికి పోసిన వేర్వేరు అచ్చు అక్షరాలు సుమారు 290. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, లేఖకులు వాడే పొట్టి గుర్తులు, రెండేసి అక్షరాలు అతికినవి, సన్నవి, వెడల్పువి అన్నీ కలిస్తే అంత అయింది. చేతిరాతలాగే కనబడాలన్న పట్టుదలతో ఆయన అన్నిటినీ పోయించాడు. ఇప్పుడు తెలుగు సంగతి చూడండి. గుడి, ఏత్వం, ఓత్వం అక్షరం పక్కన పెట్టేవి కావు. తలకట్టు తీసివేసి ఆ చోటనే కూర్చుంటాయి, కనుక ‘కి’, ‘కే’, ‘కో’ వంటివి కలిపే పోతపోయాలి. వత్తులు కిందికి దిగుతాయి, వాటికి చోటు ఉండాలి. అన్నీ కలిపితే తెలుగు కేసులో గదుల సంఖ్య వందలలోకి వెళుతుంది, అంటే గుటెన్‌బర్గ్ పడిన శ్రమకు దగ్గరగానే ఉంటుంది. వేల అక్షరాల చైనా లిపికీ మనకూ పోలిక లేదు. లిపి కష్టం వల్లనే తూర్పు దేశాలలో ఈ పద్ధతి నిలవలేదంటే చైనాకు కొంతవరకు సరిపోతుంది. 15వ శతాబ్దం మధ్యలోనే తమ సొంత అక్షరమాలను తయారు చేసుకున్న కొరియా వారికి సరిపోదు. అక్కడ అక్షరాలు పోసే శాల రాజు చేతిలో ఉండేది, పుస్తకం అమ్ముకుని బతికే వ్యాపారి చేతిలో కాదు. నాకు అదే పెద్ద కారణంగా తోస్తుంది.

చేతిపని గురించి ఒక మాట. ఎడమచేతిలో స్టిక్ (పంక్తులు పేర్చే చిన్న పళ్ళెం) పట్టుకుని కుడిచేత్తో అక్షరాలు ఏరి తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చుతాము. ప్రతి అక్షరపు ఒంటిమీద ఒక పక్క చిన్న గాడి ఉంటుంది. ఎడమ బొటనవేలికి ఆ గాడి తగిలితే అక్షరం సరిగా నిలబడినట్టు, చూడనవసరం లేదు. కళ్ళు చేతిరాత ప్రతి మీద, కుడిచేయి కేసులో ఉంటాయి. జిక్జిలో కొన్ని అక్షరాలు తలకిందులుగా అచ్చయ్యాయి, పంక్తులు కొద్దిగా వంకరపోయాయి. చెక్కిన పలకలో ఒక అక్షరం తలకిందులు కావడానికి వీలు లేదు, కనుక అది విడి అక్షరాల పని అనడానికి ఆ తప్పులే రుజువు. ప్రూఫులో అటువంటి తప్పు కనబడినప్పుడు మా ఫోర్‌మన్ ఏమనేవారో ఇక్కడ రాయలేను.

బి షెంగ్ తరచుగా వచ్చే అక్షరాలకు ఇరవైకి పైగా ప్రతులు ఉంచుకున్నాడని చదివి నవ్వుకున్నాను. మాకు ‘ను’, ‘ని’, ‘రు’, ‘లు’ ఎన్ని ఉన్నా చాలేవి కావు. ఒక ఫారం (ఒకేసారి అచ్చు వేసే పుటల కూర్పు) అచ్చయి, అక్షరాలు విడదీసి గదులలో వేసే వరకు రెండవ ఫారం ఆగిపోయిన సందర్భాలు ప్రతి చిన్న అచ్చుకూటంలోనూ ఉండేవి.

సాంఘికం మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. పోతపని గారి వివరణ, కంపోజిటరు గారి వివరణ ప్రింటు తీసి నోటీసు బోర్డుపై పెట్టాను. పిల్లల దగ్గర నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది. సింధు నాగరికతలో ముద్రలున్నాయి, మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క దిమ్మెలతో బట్టపై అద్దకం చేస్తారు, మరి మనవారు పుస్తకాలు ఎందుకు అచ్చు వేయలేదు? దీనికి తోడు, తూర్పు నుంచి పడమటికి ప్రయాణం జరిగిందా అన్న నా మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది.

జవాబు: తాళపత్రం

పిల్లల ప్రశ్న చాలా మంచిది, ఎందుకంటే మన దగ్గర అచ్చు అనే ఊహ లేదనడానికి వీలు లేదు. నలందా తవ్వకాలలో ‘యే ధర్మా హేతుప్రభవా’ అనే బౌద్ధ శ్లోకం ముద్రవేసిన మట్టి బిళ్ళలు ఎన్నో దొరికాయి. ఒకే వచనాన్ని ఒకే ముద్రతో మళ్ళీ మళ్ళీ తీయడమంటే అచ్చు కాక మరేమిటి? 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ ఇక్కడివారు బుద్ధుని బొమ్మను పట్టుబట్టపైన, కాగితంపైన ముద్రించేవారని రాశాడు.

అడ్డు తగిలినది తాటాకు. తాటాకుపై గంటంతో గీసి, ఆ గీతలోకి మసి రుద్ది, పైన తుడిచివేస్తే గీతలో నలుపు నిలుస్తుంది. చెక్కదిమ్మె పని దీనికి సరిగ్గా తిరగేసినది: ఉబ్బెత్తు భాగానికి సిరా రాసి పైపైన అద్దాలి. రెండు మూడు వేళ్ళ వెడల్పున, ఈనెల గీతలతో, నునుపుగా ఉండే ఆకుపై అటువంటి సిరా పట్టదు. కాగితం మన దేశంలో విరివిగా వాడుకలోకి వచ్చినది సుల్తానుల కాలంలో; దక్షిణాన తాటాకు 19వ శతాబ్దం దాకా చెలామణిలో ఉన్నది. లిపి చిక్కు అనడానికి కూడా వీలు లేదు, ఎందుకంటే మన బ్రాహ్మీ కుటుంబానికే చెందిన టిబెట్ లిపిలో, చెక్క పలకలతో, కాగితంపై బౌద్ధ గ్రంథాలను రాశులు రాశులుగా అచ్చు వేశారు. 1729లో నిర్మాణం మొదలైన దెర్గె ముద్రణాలయంలో ఆ పలకలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గ్రంథాలలో చాలా వాటి సంస్కృత మూలాలు మన దగ్గర నశించిపోయాయి. తాటాకు ఒక్కటే కారణమని నేను అనను, కంఠస్థంగా నేర్చుకునే చదువుకు ఉన్న గౌరవం కూడా కొంత పనిచేసి ఉంటుంది. కాని బరువు తూచవలసి వస్తే తాటాకు వైపే మొగ్గుతాను.

జవాబు: తూర్పుగాలి

ప్రయాణం గురించి. కాగితం మాత్రం నిస్సందేహంగా ప్రయాణం చేసింది. 105లో చైనా హాన్ రాజాస్థానంలో సాయ్ లున్ నివేదించిన పద్ధతి సమర్కండ్, బాగ్దాద్, స్పెయిన్, ఇటలీ మీదుగా నడిచి, 1390లో న్యూరెంబర్గ్ దగ్గరి మిల్లుతో జర్మనీ చేరింది. గుటెన్‌బర్గ్ బైబిలు వేసిన కాగితం ఇటలీది. చెక్క అచ్చు సంగతి కూడా పడమటివారి చెవిన పడింది: 1250లలో మంగోలు రాజధానికి వెళ్ళిన విలియం ఆఫ్ రూబ్రుక్, తరువాత మార్కో పోలో చైనా కాగితపు డబ్బు గురించి రాశారు, 1294లో ఇరాన్‌లోని తబ్రీజ్‌లో మంగోలు పాలకుడు అటువంటి నోట్లే అచ్చు వేయించి, ఎవరూ పుచ్చుకోక బజారు మూతపడి, ఉపసంహరించుకున్నాడు. ఆ మంగోలు రాజ్యపు మంత్రి రషీదుద్దీన్ 14వ శతాబ్దం ఆరంభంలో చైనా వారు పుస్తకాలు అచ్చు వేసే పద్ధతిని వివరంగా రాశాడు. ఈజిప్టులో 10వ శతాబ్దం నుంచే తాయెత్తుల కోసం అరబ్బీ వాక్యాలను అచ్చు తీసేవారు.

విడి అక్షరాల దారి మాత్రం మధ్యలో ఆగిపోతుంది. 1908లో పాల్ పెలియో దున్‌హువాంగ్‌లో మధ్య ఆసియాకు చెందిన ఉయిగుర్ భాష కొయ్య అక్షరాలను వందల కొద్దీ కనుగొన్నాడు. పడమటి దిక్కుగా మనకు దొరికిన పాత విడి అక్షరాల జాడ ఇంచుమించు అక్కడితో సరి. అక్కడి నుంచి మైన్జ్ వరకు ఒక్క అక్షరం గాని, ఒక్క ఉత్తరం గాని దొరకలేదు. కనుక పిల్లలకు ఇలా చెప్పవచ్చు: కాగితం తూర్పు నుంచి వచ్చింది, అచ్చు వేయవచ్చునన్న వార్త వచ్చింది, అక్షరాలు పోసే పద్ధతి వచ్చిందనడానికి సాక్ష్యం లేదు. లిపి విషయంలో పాత కంపోజిటరు గారి అభ్యంతరం న్యాయమైనదే, ముఖ్యంగా కొరియా దగ్గర.

సాంఘికం మాస్టారు

పాత ప్రశ్నను రద్దు చేసి, ఆ స్థానంలో ‘1377లో లోహపు విడి అక్షరాలతో పుస్తకం అచ్చయిన దేశమేది?’ అన్నదానిని వచ్చే సంవత్సరానికి చేర్చాము. ఈసారికి మూడు జట్లకూ మార్కు ఇచ్చాము, మొదటి జట్టు మూతి ముడుచుకున్నది. చివరిగా ఒకటి: తెలుగు అక్షరాలను మొదట ఎక్కడ పోతపోశారు? తెలిసినవారు చెబితే దానిని కూడా చేర్చుతాను.

జవాబు: పాత కంపోజిటరు

మద్రాసు అనుకుంటారు చాలామంది. కాదు, జర్మనీలోని హాలె నగరం. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు 1743లో స్వదేశానికి మరలి, 1746–47 ప్రాంతంలో అక్కడ తెలుగు అక్షరాలతో చిన్న చిన్న మతబోధ పుస్తకాలు వేయించాడు. మీ మొదటి జట్టుకు ఈ సంగతి చెబితే కొంత ఊరట కలుగుతుందేమో.

ఆ తరువాతి పెద్ద మజిలీ బెంగాలులోని శ్రీరాంపూర్. ఆంగ్ల మతబోధకుడు విలియం కేరీ బృందం అచ్చుకూటంలో పంచానన కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ భారతీయ లిపులకు పంచ్‌లు చెక్కారు. 1812 మార్చి 11 సాయంత్రం ఆ అచ్చుకూటం తగలబడింది. తెలుగు వ్యాకరణం రాతప్రతి బూడిదైపోయింది. పోతపోసి ఉంచిన అక్షరాలన్నీ కరిగి సీసపు ముద్దలయ్యాయి. అయితే శిథిలాలలో వెదికితే ఉక్కు పంచ్‌లు, మాతృకలు చెడిపోకుండా దొరికాయి. పోతపని గారు చెప్పిన పద్ధతి విలువ ఇక్కడ తెలుస్తుంది. అదే కరిగిన సీసాన్ని అవే మాతృకలలో పోసి కొన్ని వారాలలోనే అచ్చు మళ్ళీ మొదలుపెట్టారు. కేరీ వ్యాకరణాన్ని తిరిగి రాశాడు, అది 1814లో వెలువడింది; తెలుగు కొత్త నిబంధన 1818లో వచ్చింది.